గొట్టం నుంచి పద్దు దాకా: కొలనోస్కోపీ నాణ్యతపై సింహావలోకనం

1965లో ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో ప్రొవెంజాలే, రెవిన్యాస్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక రోగి చేత సన్నటి ప్లాస్టిక్ గొట్టం మింగించారు. అది జీర్ణాశయం దాటి, చిన్నపేగు మెలికలన్నీ తిరిగి, పెద్దపేగు పొడుగునా జారి, మలద్వారం దగ్గర బయటపడేదాకా కాచుకున్నారు. బయటపడిన కొసకు, జీర్ణాశయం చూడ్డానికి తయారైన స్కోపు ఒకటి కట్టారు. రెండో కొసను కప్పీ మీద లాగారు. బావిలో చేద పైకొచ్చినట్టు స్కోపు పెద్దపేగు మొదలుదాకా ఎక్కింది. బతికున్న మనిషి పెద్దపేగును కోత లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకు చూడడం అదే తొలిసారి.

అప్పటిదాకా డాక్టరు చేతిలో ఉన్నది నిటారు లోహపు గొట్టమే. 1895 ప్రాంతంలో అమెరికాలో హోవర్డ్ కెల్లీ దాన్ని వాడుకలోకి తెచ్చాడు. మహా అయితే జానెడున్నర లోపలికి వెళ్లేది. పెద్దపేగు చూస్తే అయిదడుగులు, అందులో నాలుగు పెద్ద మలుపులు. వంగే గాజుపోగుల కట్టతో వెలుతురునూ బొమ్మనూ మలుపు తిప్పవచ్చని 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ నిరూపించాడు. ఆ గొట్టాన్ని ముందు తన గొంతులోనే దింపుకున్నాడాయన. పైనుంచి దింపడం సాధ్యమయ్యాక కిందినుంచి ఎక్కించడం గురించి ఆలోచన మొదలైంది. 1960లు ముగిసేసరికి జపాన్ కంపెనీలు కొసను నాలుగు వైపులా తిప్పగల కొలనోస్కోపులను అమ్మకానికి పెట్టాయి. తాడూ కప్పీ అక్కర్లేకపోయాయి.

1969లో న్యూయార్క్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా ఆ స్కోపులోంచి తీగ ఉచ్చు పంపి, బుడిపె మెడకు తగిలించి, కరెంటుతో కాల్చి తెంపేశారు. డాక్టర్లు పాలిప్ అనే ఈ బుడిపె కోసం అంతకుముందు పొట్ట కోయాల్సి వచ్చేది. పేగుకు చిల్లిపడుతుందని సర్జన్లు చాలామంది హడలిపోయారు. వుల్ఫ్ స్వయంగా సర్జన్ కావడం వల్ల ఆ భయానికి జవాబు చెప్పుకోవడం కొంత తేలికైంది. 1973లో వాళ్ల అనుభవం పెద్ద వైద్యపత్రికలో అచ్చయ్యాక వెనక్కి తిరిగి చూసినవాళ్లు లేరు.

ఆ ఉచ్చుకు అంత విలువ ఎందుకొచ్చిందంటే, లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పేథాలజిస్టు బాసిల్ మోర్సన్ చెబుతూ వచ్చిన మాట వల్ల. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఉన్నట్టుండి పుట్టవు, అడినోమా అనే రకం పాలిప్‌లోంచి ఏళ్ల తరబడి పెరిగి పెద్దవవుతాయి. ఆ ఏళ్లలో ఎప్పుడైనా పాలిప్‌ను తెంపేస్తే క్యాన్సర్ పుట్టనే పుట్టదు. మిగతా క్యాన్సర్ పరీక్షలు చాలావరకు జబ్బును ముందుగా పట్టుకోవడానికి పనికొస్తే, ఇది రాకుండానే ఆపగలదన్నమాట. 1993లో రెండు పెద్ద సాక్ష్యాలు ఒకేసారి వచ్చాయి. మిన్నెసోటాలో 46 వేల మందికి పైగా జనం మీద జరిగిన అధ్యయనంలో, ఏటా మలంలో కంటికి కనపడని రక్తం కోసం పరీక్షించి, కనపడినవాళ్లకు కొలనోస్కోపీ చేస్తే ఈ క్యాన్సర్ చావులు 33 శాతం తగ్గాయి. అదే ఏడు సిడ్నీ వినావర్ బృందం, పాలిప్‌లు తీయించుకున్న 1,418 మందిని ఏళ్లపాటు గమనించి, వాళ్లలో క్యాన్సర్ అంచనాకన్నా 76 నుంచి 90 శాతం తక్కువగా వచ్చిందని ప్రకటించింది.

90 శాతం అనే అంకె చాలామందికి మత్తెక్కించింది. పరీక్ష చేశాక ఉన్న పాలిప్‌లన్నీ కనిపించినట్టే అనే నమ్మకం దాని వెనక నిలబడింది. ఆ నమ్మకం ఎంత పలచనో అంతకు ముందే అమెరికా అధ్యక్షుడు రీగన్ విషయంలో తేలింది. 1984లో ఆయన పేగు కింది భాగాన్ని మాత్రమే చూసి చిన్న పాలిప్ ఒకటి కనుగొన్నారు. పూర్తి కొలనోస్కోపీ చేసింది 1985 జులైలో. అప్పుడు పెద్దపేగు అవతలి చివర, సీకమ్‌లో, క్యాన్సర్‌గా మారిన పెద్ద గడ్డ దొరికింది. పొట్ట కోసి తీయాల్సి వచ్చింది.

నా మటుకు నాకు, ఈ చరిత్రలో అసలు మలుపు 1969 ఉచ్చు కన్నా 1997 నాటి ఒక చిన్న అధ్యయనం. ఇండియానాలో డగ్లస్ రెక్స్ బృందం 183 మందికి ఒకే రోజు రెండుసార్లు కొలనోస్కోపీ చేసింది. మొదటిసారి కనపడనివి రెండోసారి ఎన్ని కనపడతాయో లెక్క తీయడమే పని. మొత్తం అడినోమాల్లో 24 శాతం తప్పిపోయాయి. సెంటీమీటరు, ఆపైన ఉన్నవాటిలోనూ 6 శాతం తప్పిపోయాయి. ఇవన్నీ అనుభవం లేని చేతులు చేసిన పరీక్షలు కావు. డాక్టర్లు తమ చూపుకు తామే పరీక్ష పెట్టుకుని ఫలితం అచ్చువేయడం వైద్యంలో రోజూ జరిగే పని కాదు, అందుకే ఆ అధ్యయనమంటే నాకు గౌరవం.

తర్వాత వరుసగా అద్దాలు ముందుకొచ్చాయి. 2004లో బ్రిటన్‌లో మూడు ప్రాంతాల్లోని 9,223 కొలనోస్కోపీలను తిరగేసి చూశారు. స్కోపు సీకమ్ దాకా చేరింది 76.9 శాతం పరీక్షల్లోనే. చేరినట్టు గట్టి ఆధారం చూపాలంటే ఆ అంకె 56.9కి పడిపోయింది. తొలి వంద పరీక్షలు గురువు పర్యవేక్షణలో చేసినవాళ్లు 17 శాతమే. ప్రభుత్వ ఆరోగ్యసేవ గొప్పగా చెప్పుకునే దేశానికి ఇది తలవంపు. కానీ వాళ్లు దాన్ని దాచిపెట్టలేదు. శిక్షణ కేంద్రాలు తెరిచారు. 2006లో స్క్రీనింగ్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, అందులో పరీక్ష చేయాలంటే డాక్టరు విడిగా పరీక్ష రాసి, చేసి చూపించి నెగ్గాలన్నారు. ఎంత సీనియరైనా సరే. 2011లో దేశమంతా మళ్లీ లెక్క తీస్తే సీకమ్ చేరిన శాతం 92.3. ఆ ఏడేళ్లలో సాధించినదానికి కొత్త యంత్రాల కన్నా, ఎవరి లెక్క ఎంతో అందరికీ తెలియడమే ఎక్కువ కారణమని నేననుకుంటాను.

సీకమ్ చేరడం సగం పనే. లోపలికి వెళ్లేటప్పుడు డాక్టరు దృష్టంతా దారి మీద ఉంటుంది. మడతల వెనక ఏముందో నిదానంగా చూసేది స్కోపు వెనక్కి తీసుకుంటున్నప్పుడు. ఆ తిరుగు ప్రయాణానికి కనీసం ఆరు నిమిషాలైనా పట్టాలని అమెరికా నిపుణులు 2002లో సూచించారు. దాన్ని ఇలినాయ్‌లోని రాక్‌ఫర్డ్‌లో ఒకే ప్రాక్టీసులో పనిచేసే 12 మంది డాక్టర్ల మీద పరీక్షించిన ఫలితం 2006లో వచ్చింది. వెనక్కి తీసే సగటు సమయం ఒకరికి 3.1 నిమిషాలైతే మరొకరికి 16.8. ఆరు నిమిషాలు దాటినవాళ్లకు 28.3 శాతం మందిలో అడినోమాలు దొరికాయి, ఆ లోపే ముగించినవాళ్లకు 11.8 శాతం మందిలోనే. ఒకే ఊరు, ఒకే రకం స్కోపులు, ఒకే రకం రోగులు. గోడ గడియారం చెప్పగలిగిన ఈ మాట చెప్పడానికి, 1969 నుంచి లెక్కేస్తే, వైద్యానికి ముప్పై ఏడేళ్లు పట్టింది.

అక్కడినుంచి కొలత డాక్టరు మీదికి మళ్లింది. స్క్రీనింగ్ కోసం వచ్చిన వంద మందిలో ఎందరికి కనీసం ఒక అడినోమా పట్టుకున్నారు అనేదే ఆ కొలత. పోలండ్ జాతీయ కార్యక్రమంలో 186 మంది డాక్టర్లు చేసిన 45 వేల పరీక్షలను తీసుకుని, ఆ తర్వాతి ఏళ్లలో ఎవరికి క్యాన్సర్ వచ్చిందో దేశ క్యాన్సర్ రిజిస్ట్రీలో వెతికారు. 2010లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం, 20 శాతం కన్నా తక్కువ పట్టుకునే డాక్టర్ల రోగులకు, పరీక్ష అయ్యాక మధ్యలో క్యాన్సర్ బయటపడే ముప్పు పది రెట్లకు పైగా ఉంది. 2014లో కాలిఫోర్నియా నుంచి ఇంకా పెద్ద లెక్క వచ్చింది. 136 మంది డాక్టర్లు చేసిన మూడు లక్షల పైచిలుకు పరీక్షల్లో పట్టుకునే శాతం ఒకరికి 7.4 అయితే మరొకరికి 52.5. ఈ శాతం ఒక్కటి పెరిగితే రోగికి ఆపైన క్యాన్సర్ వచ్చే ముప్పు మూడు శాతం తగ్గుతుందని తేల్చారు. అంటే, ఏ డాక్టరు చేతిలో పడ్డామన్నది జబ్బు ఎంత దూరం వెళ్తుందో నిర్ణయిస్తోంది.

కొలత వచ్చాక కొలతను మోసం చేసే దారులూ వస్తాయి. ఒక అడినోమా దొరికితే ఆ రోగి ఖాతాలో మార్కు పడిపోయింది, ఇక మిగతావాటి కోసం కళ్లు చిట్లించుకోవడం ఎందుకు అనే ధోరణి కొందరిలో కనిపించింది. లెక్కను లెక్కగా కాక గుణంగా చూడాలంటారు గానీ, అది ఎవరికైనా కష్టమే. అయినా 2024లో అమెరికా సంఘాలు పట్టుకునే శాతం లక్ష్యాన్ని 35కి, తిరుగు సమయాన్ని 8 నిమిషాలకు పెంచాయి.

చూపు సంగతి మాట్లాడేటప్పుడు జపాన్‌ను వదలకూడదు. అకితాలో షిన్-ఎయ్ కుడో, పాలిప్‌లన్నీ పుట్టగొడుగుల్లా లేచి ఉండవు, కొన్ని పేగు గోడకు అతుక్కుని చదునుగా, కొన్ని చిన్న గుంటగా ఉంటాయని చూపిస్తే, పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం అది జపాన్‌వాళ్ల జబ్బు అని తీసిపారేశారు. 2000లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నీలిమందుతో తయారైన రంగు చల్లి వెతికితే అక్కడా అవే కనపడ్డాయి. జబ్బు అక్కడ ముందే ఉంది, దాన్ని చూడ్డం తెలిసిన కళ్లే లేవు.

ఇక శుభ్రత. ఎంత గొప్ప కళ్లయినా పేగులో మలం ఉంటే ఏం చేస్తాయి? మొదట్లో మానిటాల్ తాగించేవారు. పేగులోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే హైడ్రోజన్ పుడుతుంది. 1979లో ఫ్రాన్స్‌లో పాలిప్ తెంపడానికి కరెంటు పెట్టగానే పేగు పేలి ఒక రోగి చనిపోయాడు. 1980లో పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి వచ్చాక ఆ భయం తగ్గింది. మన మందుల షాపుల్లో పెగ్లెక్ అని అడిగితే ఇచ్చేది దాన్నే. మందు మొత్తం ముందురోజు రాత్రే తాగించే పద్ధతి పోయి, సగం రాత్రి, సగం పరీక్ష ఉదయాన అనే పద్ధతి వచ్చాక పేగు తేటగా ఉంటోంది. చెప్పడం తేలిక. హిందూపురం నుంచో అనంతపురం నుంచో తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు వచ్చే రోగికి ఆ రెండో సగం ఎక్కడ తాగాలన్నదే ప్రశ్న. ఆసుపత్రి దగ్గర ఓ గది, ఓ మరుగుదొడ్డి లేకుండా నాణ్యత సూచికలు ఎన్ని రాసినా ప్రయోజనం లేదు.

బెంగళూరు ఈ కథలోకి స్కోపు వైపు నుంచి రాదు, లెక్క వైపు నుంచి వస్తుంది. హోసూరు రోడ్డు మీది కిద్వాయి క్యాన్సర్ సంస్థ 1973లో మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం కింద 1982 జనవరిలో జనాభా ప్రాతిపదికన రిజిస్ట్రీల లెక్కలు మొదలైన తొలి మూడు నగరాల్లో బొంబాయి, మద్రాసులతోపాటు బెంగళూరు ఒకటి. అందుకు కిద్వాయి వేదికైంది. రోగం గురించి ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం ఆ రోజుల్లో లేదు. అందుకే రిజిస్ట్రీ సిబ్బంది ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగి కేసు షీట్లు, బయాప్సీ రిజిస్టర్లు, మరణాల నమోదులు చూసి రాసుకునేవారు. ఇవాళ దేశంలోని రిజిస్ట్రీలన్నిటి లెక్కలూ కూడే జాతీయ కేంద్రం కూడా బెంగళూరు శివారులోనే ఉంది. దేశపు క్యాన్సర్ పద్దుకు ఈ ఊరు కరణం వంటిది.

ఆ పద్దులు చెప్పేదేమిటంటే, పెద్దపేగు క్యాన్సర్ మన దగ్గర తక్కువ. వయసు సర్దుబాటు చేశాక దేశంలో ఏటా లక్షకు అయిదుగురి చుట్టూ ఉంటుంది. ఉత్తర ఐరోపాలో ఇది అనేక రెట్లు. అయినా మన జనాభాను బట్టి ఏటా అరవై వేలకు పైనే కొత్త రోగులు తేలుతున్నారు. పైగా మన రోగి వేరు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రచురించిన 800 మంది లెక్కలో సగటు వయసు 47. అందులో 42 శాతం పురీషనాళపు క్యాన్సర్లే. అమెరికా 2021లో స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించిందంటే మనం చదివి తలూపాం. మనకు సగటు రోగే 47 దగ్గర ఉన్నాడు.

అయినా మన ప్రభుత్వాల స్క్రీనింగ్ కార్యక్రమం 2016 మార్గదర్శకాల్లో ముప్పై దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడిటికే పరిమితమైంది. పెద్దపేగును అందులో చేర్చకపోవడం తప్పని నేననను. ఇంత తక్కువ సంభవం ఉన్న చోట ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఒక్కరికీ కొలనోస్కోపీ అంటే, నిజంగా రక్తం పడుతున్న రోగి వంతు వెనక్కి పోతుంది. మన దగ్గర నాణ్యత ముందు మొదలవ్వాల్సింది ఆ రక్తం దగ్గర. తెలుగు ఊళ్లలో ఏ బస్టాండు గోడ చూసినా మొలలు, భగందరం, ఆపరేషన్ లేకుండా నయం అనే బోర్డు ఉంటుంది. రక్తం పడితే మొలలే అనుకోవడం ఇంట్లో మొదలై ఆ బోర్డు దగ్గరికి చేరుతుంది. పురీషనాళపు క్యాన్సర్లలో చాలావాటిని చేతికి గ్లవ్ తొడుక్కుని వేలితో చూసినా పట్టుకోవచ్చు. ఆ వేలు పరీక్షకు సిగ్గుపడి, మందుల చీటీతో పంపించే క్లినిక్‌లు నగరాల్లోనూ తక్కువేం కాదు.

ఎండోస్కోపీ నైపుణ్యంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు. విశాఖలో పుట్టి, కర్నూలులో వైద్యం చదివిన డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాద్‌లో నిలబెట్టిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి శిక్షణ కోసం ఎన్నో దేశాల డాక్టర్లు వస్తారు. ప్రపంచ ఎండోస్కోపీ సంస్థకు ఆయన అధ్యక్షుడిగా పనిచేశారు, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. మన దేశంలో పేగు క్షయ ఎక్కువ, అది చిన్నపేగు పెద్దపేగు కలిసే చోటనే ఎక్కువగా గూడు కడుతుంది. దాన్ని చూడాలంటే సీకమ్ దాకా వెళ్లి చిన్నపేగులోకీ తొంగిచూడాలి. కాబట్టి దూరం వెళ్లడం మన డాక్టర్లకు మొదటి నుంచీ అలవాటు. బలహీనత ఎక్కడైనా ఉంటే, రోజుకు లెక్కలేనన్ని పరీక్షలున్న గదుల్లో తిరుగు ప్రయాణం దగ్గర ఉండవచ్చు.

పాశ్చాత్య కొలతను అలాగే తెచ్చుకోవడమూ కుదరదు. భారతీయుల్లో అడినోమాలే తక్కువ. 35 శాతం అనే గీత ఇక్కడ గీస్తే మంచి డాక్టరు కూడా తప్పుతాడు, లేదా ఆ అంకె కోసం పనికిరాని బుడిపెలన్నీ కోసి పంపే అలవాటు పుడుతుంది. ఇక్కడ పనికొచ్చేవి వేరే. రిపోర్టులో అపెండిక్స్ ముఖం ఫొటో ఉందా, పేగు ఎంత శుభ్రంగా ఉందో బోస్టన్ స్కేలు మీద అంకె వేశారా, వెనక్కి తీసిన నిమిషాలు రాశారా? ఇవి రాయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. అలాంటి రిపోర్టు అడిగే రోగి ఇప్పటికైతే చాలా అరుదు, ఆ మాటకొస్తే ఇచ్చే ఆసుపత్రీ అన్ని చోట్లా దొరకదు.

యంత్రం మాత్రం వచ్చేసింది. 2019లో చైనాలోని చెంగ్డూలో, తెర మీద పాలిప్ చుట్టూ గడి గీసి చూపించే కృత్రిమ మేధతో పట్టుకునే శాతం 20.3 నుంచి 29.1కి పెరిగింది. 2021లో ఇలాంటి యంత్రానికి అమెరికా అనుమతి వచ్చింది. బెంగళూరు లాంటి ఊరికి ఇది ఇంటి సరుకులా కనిపించడం సహజం. కానీ 2025లో పోలండ్ నుంచే ఇంకో వార్త వచ్చింది. కృత్రిమ మేధ సాయానికి అలవాటు పడ్డ డాక్టర్లు, అది లేకుండా చేసిన పరీక్షల్లో పట్టుకున్న శాతం 28.4 నుంచి 22.4కి పడింది. ఆ ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పలేం, కానీ యంత్రం కొన్నాక కూడా డాక్టర్ల లెక్క తీస్తూనే ఉండాలని మాత్రం అది చెబుతోంది.

ఇంతకీ ఏ డాక్టరు రోగికి ఆ తర్వాత క్యాన్సర్ వచ్చిందో 2010 నాటి లెక్కలో పోలండ్ ఎలా తేల్చగలిగింది? ఒక చేతిలో ఎవరు ఎవరికి పరీక్ష చేశారన్న పట్టిక, మరో చేతిలో క్యాన్సర్ రిజిస్ట్రీ. రెండూ కలిపి చూసింది. రెండోది బెంగళూరు దగ్గర నలభై ఏళ్లకు పైగా ఉంది. కర్ణాటకలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ క్యాన్సర్ ఇప్పుడు తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. హైదరాబాద్ కూడా 2014 నుంచి తన లెక్క ఇస్తోంది. లేనిది మొదటిదే. పరీక్షలు ఎక్కువగా ప్రైవేటు ఆసుపత్రుల్లో జరుగుతాయి, ఒక్కో చోట ఒక్కో సాఫ్ట్‌వేరు, ఒకే మనిషి పేరు ఒక రిపోర్టులో ఒకలా, ఇంకో చోట ఇంటిపేరుతో మరోలా. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్‌కూ కీమోకూ డబ్బిస్తాయి గానీ, రెండేళ్ల కిందటి కొలనోస్కోపీలో ఏం కనపడిందో అడగవు. పైగా బెంగళూరు జనాభా రిజిస్ట్రీ ఆ నగరంలో కాపురముంటున్నవాళ్లనే లెక్కిస్తుంది. మదనపల్లె నుంచో హిందూపురం నుంచో కిద్వాయికి వచ్చి వైద్యం చేయించుకున్న రాయలసీమ రోగి ఆసుపత్రి పుస్తకాల్లో ఉంటాడు, నగరం లెక్కలో ఉండడు. అలాంటి రోగికి అంతకుముందు తన ఊళ్లో ఎవరైనా స్కోపు వేసి, ఏమీ లేదు వెళ్లమని చెప్పి ఉంటే, ఆ డాక్టరుకు ఈ సంగతి తెలియజేసే ఏర్పాటు రెండు రాష్ట్రాలూ కూర్చుని మాట్లాడుకుంటే తప్ప రాదు.